పాత మారుతి 800: రేడియేటర్ నీళ్లు బాటిల్‌లోకి తన్నుతున్నాయి, హెడ్ విప్పించాలా?

జనగామ_800
అందరికీ నమస్తే. నాది 2006 మారుతి 800, ఎంపీఎఫ్‌ఐ (కంప్యూటర్ ఇంజెక్టర్లతో పెట్రోల్ పంపే రకం). సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ఊళ్లో తిరిగితే ఏ ఇబ్బందీ లేదు. హైదరాబాద్ పోయేటప్పుడు మాత్రం భువనగిరి దాటేసరికి టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది. ఆపి బానెట్ తీస్తే రేడియేటర్ పై హోస్ పైపు నొక్కడానికి రానంత గట్టిగా ఉంటుంది. పక్కనున్న ప్లాస్టిక్ బాటిల్ పొంగి కిందికి కారుతూ ఉంటుంది. పూర్తిగా చల్లారాక క్యాప్ తీసి చూస్తే రేడియేటర్‌లో నీళ్లు బాగా తగ్గి ఉంటాయి.

మెకానిక్ ముందు క్యాప్ మార్చాడు. తర్వాత థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక నీళ్లకు దారి తెరిచే వాల్వు) తీసి పక్కన పెట్టాడు. తేడా ఏమీ లేదు. ఇప్పుడు హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకు, దాని పైనున్న హెడ్‌కు మధ్య ఉండే సీలు) పోయింది, హెడ్ దించి ఫేసింగ్ (అడుగు ముఖం కోసి చదును చేయడం) చేయించాల్సిందే అంటున్నాడు. ఆయిల్ శుభ్రంగా ఉంది, పాల రంగు తిరగలేదు. సైలెన్సర్‌లో తెల్ల పొగ కూడా లేదు. హెడ్ విప్పకముందు ఇంకా చూసుకోవాల్సినవి ఏమైనా ఉంటే చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

స్పీడ్_సిద్దిపేట
హెడ్ గ్యాస్కెట్టే అన్నా, డౌట్ లేదు. మా మామ మారుతి జెన్‌కు కూడా అచ్చం ఇట్లనే అయింది. ఎంత లేట్ చేస్తే అంత హెడ్ వంగుతది.

ఏలూరు_మెకానిక్
జనగామ గారూ, తొందరపడి హెడ్ విప్పించకండి. నేను ఇరవై ఏళ్లకు పైగా ఈ బళ్ల మీదే పని చేస్తున్నాను. పైపు గట్టిపడిందని హెడ్ దించడం, దించాక గ్యాస్కెట్ బాగానే ఉందని తేలడం చాలాసార్లు చూశాను. గ్యాస్కెట్ సెట్టు, ఫేసింగ్, టైమింగ్ బెల్ట్ విప్పి బిగించే కూలీ అన్నీ కలిపితే పాత 800కి అది చిన్న ఖర్చు కాదండి.

వేడెక్కిన ఇంజన్‌లో పై పైపు గట్టిగా ఉండటం జబ్బు కాదు. అలాగే ఉండాలి కూడా. ఎప్పుడు గట్టిపడుతోందన్నదే అసలు సంగతి. రేపు పొద్దున బండి కదపకముందు రెండు పనులు చేయండి. ముందు, రాత్రంతా ఆగిన ఇంజన్‌లో పైపు నొక్కి చూడండి. మెత్తగా ఉండాలి. తర్వాత స్టార్ట్ చేసి స్లోలో (యాక్సిలరేటర్ తొక్కకుండా) వదిలేసి, పైపు మీద చెయ్యి వేసి ఉంచండి. పైపు వేడెక్కుతూ దాంతోపాటు గట్టిపడితే అది వేడి వల్ల వచ్చే మామూలు ఒత్తిడి. పైపు ఇంకా చల్లగా ఉండగానే గట్టిపడిపోతే లోపలికి ఎక్కడి నుంచో గ్యాస్ దూరుతున్నట్టు.

థర్మోస్టాట్ పారేశారా, దాచారా? అది మళ్లీ వేయించుకోవాలి.

విశాఖ_పాలిటెక్నిక్
ఏలూరు గారు చెప్పినదానికి కారణం కూడా రాస్తాను, తెలిస్తే పరీక్ష తప్పుగా చదవరు.

800 క్యాప్ మీద సాధారణంగా 0.9 అని ఉంటుంది. లోపలి ఒత్తిడి బయటి గాలి కంటే 0.9 బార్ ఎక్కువయ్యేదాకా క్యాప్ పట్టి ఉంచుతుందని దాని అర్థం. మామూలు నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరిగితే, ఆ ఒత్తిడిలో దాదాపు 118 దాకా మరగవు. సగానికి సగం కూలెంట్ (రేడియేటర్ నీళ్లలో కలిపే ద్రవం) కలిపితే మరో 8, 10 డిగ్రీలు పైకి జరుగుతుంది. "మనకు మంచు పడదు కదా, కూలెంట్ ఎందుకు" అని చాలామంది అడుగుతారు. మన ఎండలకు దాని అవసరం ఇక్కడ ఉంది. పైగా తుప్పు పట్టనివ్వదు. బోరు నీళ్లు పోసిన రేడియేటర్ కోసి చూస్తే ట్యూబుల్లో తెల్లటి సున్నపు పొర పేరుకుని కనిపిస్తుంది.

క్యాప్‌లో వాల్వులు రెండు. పెద్దది ఒత్తిడి ఎక్కువైనప్పుడు నీళ్లను బాటిల్‌లోకి వదులుతుంది. నడుమనున్న చిన్నది ఇంజన్ చల్లారి లోపల ఖాళీ ఏర్పడినప్పుడు బాటిల్‌లోని నీళ్లను వెనక్కి తీసుకుంటుంది. కాబట్టి చల్లారాక బాటిల్ మట్టం తగ్గి రేడియేటర్ నిండాలి. మీ బండిలో నీళ్లు బయటికి పోతున్నాయి, వెనక్కి రావడం లేదు. కొత్త క్యాప్ వేశాక కూడా ఇలాగే ఉందంటే నీళ్లు ఉండాల్సిన చోటును ఇంకేదో ఆక్రమించింది. అది ఆవిరి అయితే చల్లారగానే మళ్లీ నీరవుతుంది, పైపు మెత్తబడుతుంది. గ్యాస్ అయితే చల్లారినా అలాగే ఉండిపోతుంది. పొద్దున కూడా పైపులో బిగువు ఉందా అని ఏలూరు గారు అడిగింది అందుకే.

జనగామ_800
ఇద్దరికీ థ్యాంక్స్. పొద్దున చూశాను. రాత్రంతా ఆగినా పైపులో కొంచెం బిగువుంది. క్యాప్ తిప్పగానే బుస్సుమని గాలి పోయింది. నీళ్లు నింపి, క్యాప్ పెట్టి స్టార్ట్ చేశాను. పైపు గోరువెచ్చగా కూడా కాకముందే గట్టిపడింది. ఆపి క్యాప్ తీసి మళ్లీ స్టార్ట్ చేస్తే రేడియేటర్ మూతి దగ్గర బుడగలు ఆగకుండా వస్తున్నాయి. రేస్ చేస్తే ఎక్కువవుతున్నాయి.

స్పీడ్_సిద్దిపేట
ఇంకేంది అన్నా, అయిపోయింది కదా. గ్యాస్కెట్టే.

ఏలూరు_మెకానిక్
గ్యాస్ దూరుతోందన్నది ఖాయమైంది. గ్యాస్కెట్ అన్నది ఇంకా కాలేదు తమ్ముడూ.

జనగామ గారూ, స్పార్క్ ప్లగ్గులు మూడూ తీసి వరసగా పెట్టి చూడండి. నీళ్లు దూరే సిలిండర్ ప్లగ్గు కడిగినట్టు తెల్లగా ఉంటుంది. ఇంకో పని: క్యాప్ తీసి, ఇంజన్ పెట్రోల్ మీద స్లోలో ఉన్నప్పుడు ఒక్కో ఇంజెక్టర్ కనెక్టర్ పీకి చూడండి. ఏ సిలిండర్ ఆగినప్పుడు బుడగలు బాగా తగ్గుతాయో దానిమీద అనుమానం పెట్టుకోవచ్చు. ప్లగ్ వైరు మాత్రం పీకకండి. మండని పెట్రోల్ అంతా సైలెన్సర్ లైన్లో పొగను శుద్ధి చేసే కన్వర్టర్‌లోకి పోయి దాన్ని పాడుచేస్తుంది.

క్యాప్ తీసేది ఎప్పుడూ చల్లటి ఇంజన్ మీదే. వేడి మీద తీస్తే 100 దాటిన నీళ్లు ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి వస్తాయి. ముఖం, మెడ, చేతులు కాలి ఆస్పత్రి పాలైనవాళ్లను చూశాను. గుడ్డ అడ్డం పెట్టి తీస్తాం అనేవాళ్లకు కూడా ఇదే చెప్తాను, వద్దు.

న్యూజెర్సీ_నాని
ఇక్కడ నా పాత కరోలాకు ఇలాంటి అనుమానమే వస్తే బ్లాక్ టెస్టర్ వాడాను. విడిభాగాల షాపులు డిపాజిట్ తీసుకుని అరువిస్తాయి. మన దగ్గర ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చు.

అందులో ఉండేది బ్రోమోథైమాల్ బ్లూ కలిపిన నీలం ద్రవం. టెస్టర్‌ను రేడియేటర్ మూతికి ఆనించి, పైన రబ్బరు బల్బు నొక్కుతూ లోపలి గాలిని ద్రవం గుండా లాగాలి. సిలిండర్‌లో మండిన గ్యాస్‌లో కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. అది తగిలితే ద్రవం ఆమ్లంగా మారి నీలం కాస్తా ఆకుపచ్చగా, తర్వాత పసుపుగా తిరుగుతుంది. పసుపు వస్తే హెడ్ గ్యాస్కెట్ గానీ, హెడ్ పగులు గానీ. ముందుగా రేడియేటర్‌లో నీళ్లు కొంచెం తీసి మట్టం తగ్గించండి. కూలెంట్ టెస్టర్‌లోకి వచ్చేస్తే ద్రవం పాడై ఏ రంగూ నమ్మలేం.

గుంటూరు_జెన్
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. నా జెన్‌లో దీనికి పూర్తిగా వ్యతిరేకంగా ఉంది. పొద్దున చూస్తే పై పైపు లోపలికి పీక్కుపోయి చప్పిడిగా ఉంటుంది. స్టార్ట్ చేశాక మామూలుగా అవుతుంది. నీళ్లు తగ్గడం లేదు.

విశాఖ_పాలిటెక్నిక్
గుంటూరు గారూ, చల్లారేటప్పుడు బాటిల్ నుంచి నీళ్లు వెనక్కి రావడం లేదు, అందుకే లోపల ఖాళీ ఏర్పడి పైపును పీల్చేస్తోంది. క్యాప్ నడుమనున్న చిన్న వాల్వును గోటితో లాగి చూడండి. తేలిగ్గా రావాలి, వదిలితే తిరిగి కూర్చోవాలి. అది బాగుంటే క్యాప్ నుంచి బాటిల్‌కు పోయే సన్న పైపు మడత పడిందేమో, బురదతో పూడిందేమో చూడండి. ఎక్కువగా ఈ రెండింట్లో ఒకటే ఉంటుంది.

జనగామ_800
టెస్టర్ తెప్పించాను. నాని గారు చెప్పినట్టే మట్టం తగ్గించి చేశాను. మూతి దగ్గర బుడగలు బాగా వస్తున్నాయి, బల్బు చాలాసేపు నొక్కాను. ద్రవం నీలంగానే ఉంది. కొంచెం కూడా మారలేదు. ద్రవం మంచిదేనా అని గొట్టంతో సైలెన్సర్ దగ్గర గాలి లాగించి చూస్తే వెంటనే పసుపు తిరిగింది. ప్లగ్గులు మూడూ ఒకే రంగులో ఉన్నాయి. ఇంజెక్టర్ కనెక్టర్లు పీకే పరీక్ష ఇంకా చేయలేదు.

మెకానిక్‌కు చెప్తే ఆ నీళ్ల మందు నమ్మొద్దు, బుడగలు కళ్లకు కనపడుతున్నాయి కదా అన్నాడు. ఇప్పుడు ఏది నమ్మాలి?

న్యూజెర్సీ_నాని
సైలెన్సర్ దగ్గర పసుపు తిరిగిందంటే ద్రవం మంచిదే. గ్యాస్కెట్ లీకు కొన్నిసార్లు స్లోలో దొరకదు, లోడ్ మీదే తెరుచుకుంటుంది. కానీ అప్పుడు స్లోలో బుడగలు కూడా రాకూడదు. మీకు బుడగలు వస్తున్నాయి, రంగు మారడం లేదు. ఈ రెండూ పొసగడం లేదు.

బెజవాడ_ఆటోగ్యాస్
ఈ థ్రెడ్ ఇప్పుడే చూశాను. ఒక్క ప్రశ్న. బండికి ఎల్‌పీజీ కిట్ ఉందా? ఉంటే ఈ పరీక్షలన్నీ గ్యాస్ మీద చేశారా, పెట్రోల్ మీద చేశారా?

జనగామ_800
ఉంది అన్నా. పాత ఓనర్ పెట్టించింది, ఆర్‌సీలో కూడా ఎక్కించి ఉంది. బండి ఎప్పుడూ గ్యాస్ మీదే నడుస్తుంది. పరీక్షలన్నీ గ్యాస్ మీదే చేశాను. దానికీ దీనికీ సంబంధం ఉంటుందా?

బెజవాడ_ఆటోగ్యాస్
చాలా ఉంది. నేను చాలా ఏళ్లు కిట్లు బిగించే పని చేశాను, కాబట్టి వివరంగా రాస్తాను.

ఎల్‌పీజీ ట్యాంకు నుంచి ద్రవంగానే ఇంజన్ గదిలోకి వస్తుంది. వేపరైజర్ అనే గుండ్రటి అల్యూమినియం డబ్బాలో ఒత్తిడి తగ్గి ఆవిరవుతుంది. కొందరు దాన్నే రెడ్యూసర్ అంటారు. ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడినంతా లాగేసుకుంటుంది. వేడి అందకపోతే డబ్బా మంచు కట్టేస్తుంది. అందుకే ఇంజన్ కూలింగ్ పైపుల నుంచి T ఆకారపు పైపు ముక్కలు పెట్టి వేడి నీళ్లను దానిలోంచి తిప్పుతాం. అంటే ఒకే డబ్బాలో ఒక పక్క గ్యాస్, ఇంకో పక్క కూలెంట్. మధ్యలో ఉండేది ఒక పల్చటి గ్యాస్కెట్టో, రబ్బరు రింగో. ఏళ్ల తరబడి వేడికి, చలికి, బోరు నీళ్ల తుప్పుకు అది పోతుంది.

పోయాక ఏమవుతుందో చూడండి. చల్లటి ఇంజన్‌లో నీళ్ల వైపు ఒత్తిడి ఏమీ ఉండదు, గ్యాస్ వైపు ఉంటుంది. స్టార్ట్ చేసిన దగ్గర్నుంచి గ్యాస్ నీళ్లలోకి దూరుతూనే ఉంటుంది. పైపు చల్లగా ఉండగానే గట్టిపడుతుంది. రేడియేటర్‌లో గ్యాస్ చేరిన మేరకు నీళ్లు బాటిల్‌లోకి పోతాయి. నీళ్లు తగ్గి, పంపు గ్యాస్‌ను తిప్పుతూ ఉంటే హైవే మీద ముల్లు లేస్తుంది. అన్నీ హెడ్ గ్యాస్కెట్ లక్షణాలే. ఒక్క తేడా, ఇది మండని గ్యాస్. అందులో కార్బన్ డయాక్సైడ్ ఉండదు, నీలం ద్రవం నీలంగానే ఉంటుంది. మీ టెస్టర్ సరిగ్గానే చెప్పింది.

ఇలా చేయండి. ట్యాంకు మీద చేత్తో తిప్పే వాల్వు మూసేసి, లైన్లో ఉన్న గ్యాస్ అయిపోయి ఇంజన్ ఆగేదాకా నడపండి. తర్వాత స్విచ్ పెట్రోల్ మీద పెట్టండి. ఇంజన్ చల్లారాక క్యాప్ తీసి, నీళ్లు నింపి స్లోలో వదలండి. లోపల చిక్కుకున్న పాత గ్యాస్ పోయేదాకా కాసేపు బుడగలు వస్తాయి, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. అవి ఆగాక మళ్లీ రాకపోతే దోషం వేపరైజర్‌ది. పెట్రోల్ మీద కూడా అదే పనిగా వస్తుంటే అప్పుడు హెడ్ గురించి మాట్లాడుకుందాం.

ఇప్పటి నుంచి జాగ్రత్తగా ఉండండి. రేడియేటర్ మూతి నుంచి వచ్చేది వంటింటి గ్యాస్ లాంటిదే. షెడ్డులో వద్దు, ఆరుబయట చేయండి. గాలికంటే బరువు కాబట్టి కిందికి దిగి గుంటల్లో నిలుస్తుంది. దగ్గర్లో బీడీ, సిగరెట్, లైటర్ ఏవీ ఉండకూడదు. తేలేదాకా గ్యాస్ మీద నడపడం పూర్తిగా ఆపేయండి.

స్పీడ్_సిద్దిపేట
ఇది నాకు తెలవనే తెలవదు అన్నా. మా మామ బండికి కూడా కిట్ ఉండె. ఆయన హెడ్ విప్పించినంక కూడా ఆర్నెల్లకు మళ్లీ అదే కథ మొదలైంది. ఇప్పుడు చూపిస్త.

విశాఖ_పాలిటెక్నిక్
చాలా బాగా చెప్పారు. ఒక్కటి కలుపుతాను. వాసన చూడటానికి క్యాప్ మీదికి వంగనవసరం లేదు. ఎల్‌పీజీలో లీకు తెలియడానికే ఘాటైన వాసన కలుపుతారు, కొంచెం దూరం నుంచే పసిగట్టవచ్చు. కూలెంట్ వాసన కాస్త తియ్యగా ఉంటుంది, దీనికీ దానికీ పోలిక లేదు.

ఏలూరు_మెకానిక్
బెజవాడ గారు అడగకపోతే ఇది తేలేది కాదు. వేపరైజర్ నీళ్ల పైపులు రెండూ విప్పి, ఒకదానికొకటి కలిపేసి నడిపి చూస్తే ఇంకా గట్టి రుజువు దొరుకుతుంది. అలా కలిపినప్పుడు పెట్రోల్ మీదే నడపాలి. వేడి నీళ్లు లేని వేపరైజర్‌లోకి గ్యాస్ వదిలితే గడ్డకట్టి లోపలి రబ్బర్లు చిరుగుతాయి.

జనగామ_800
మా ఇంటి ముందు ఖాళీ జాగాలో చేశాను. వాల్వు మూసి, గ్యాస్ అయిపోయాక పెట్రోల్ మీద పెట్టాను. కాసేపటికి బుడగలు పూర్తిగా ఆగిపోయాయి. రేస్ చేసినా ఒక్కటి రాలేదు. క్యాప్ పెట్టి ఫ్యాన్ తిరిగేదాకా ఉంచితే పైపు మెల్లమెల్లగా, వేడెక్కేకొద్దీ బిగిసింది. మళ్లీ గ్యాస్ మీద పెట్టి చూద్దామనుకున్నాను గానీ అన్న చెప్పినందుకు పెట్టలేదు. పైపులు కలిపి పెట్రోల్ మీద హైదరాబాద్ పోయి వచ్చాను. ముల్లు సగం దాటలేదు. బాటిల్ పొంగలేదు. చల్లారాక రేడియేటర్ నిండుగా ఉంది.

వేపరైజర్ నుంచి ఇంజన్‌కు పోయే గ్యాస్ పైపు విప్పితే లోపల తడిగా ఉంది. అది దేనివల్ల?

బెజవాడ_ఆటోగ్యాస్
అది రేడియేటర్ నీళ్లే. ఇంజన్ ఆపగానే గ్యాస్ ఆగిపోతుంది, వేడి నీళ్ల ఒత్తిడి మాత్రం ఉంటుంది. అప్పుడు లీకు తిరగబడి నీళ్లు గ్యాస్ వైపు వస్తాయి. పొద్దున గ్యాస్ మీద స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంటే కారణం ఇదే. ఇక ఏ సందేహమూ లేదు.

రిపేర్ కిట్ దొరుకుతుంది, డయాఫ్రమ్‌లు (రబ్బరు పొరలు), రింగులు మార్చవచ్చు. కానీ నీళ్ల వైపు అల్యూమినియం గుంటలు పడి ఉంటే కొత్త రబ్బరు కూడా కూర్చోదు. విప్పి చూశాక ఆ ముఖం నున్నగా లేకపోతే వేపరైజర్ మొత్తం కొత్తది వేయించుకోండి. ఆమోదం ఉన్న కిట్ సెంటర్లోనే చేయించి, సబ్బు నీళ్లతో ప్రతి జాయింటు చూపించమని అడగండి. ఇంకా ఒకటి, వేపరైజర్ ఎత్తు రేడియేటర్ క్యాప్ కంటే కిందనే ఉండాలి. పైన బిగిస్తే గాలి అందులో చేరి కూర్చుంటుంది. చోటు లేదని పైన బిగించిన బళ్లు చాలా చూశాను.

జనగామ_800
తప్పకుండా. ఇన్నిసార్లు ఓవర్‌హీట్ అయింది కదా, హెడ్‌కు ఏమీ కాలేదని ఎట్లా తెలుసుకోవాలి?

ఏలూరు_మెకానిక్
ప్రెజర్ పంపు ఉన్న రేడియేటర్ షాపుకు వెళ్లండి. చల్లటి ఇంజన్ మీద క్యాప్ స్థానంలో పంపు బిగించి 0.9 దాకా కొట్టించండి. క్యాప్ రేటింగ్ దాటి కొట్టనివ్వకండి, పాత రేడియేటర్ అతుకులు తెగుతాయి. పది, పదిహేను నిమిషాలు ముల్లు కదలకుండా నిలబడితే బయటికి గానీ లోపలికి గానీ లీకు లేనట్టు. తగ్గుతుంటే వాటర్ బాడీ (నీళ్ల పంపు) కింద చిన్న చిల్లు దగ్గర తడి ఉందేమో, బ్లాక్ పక్కన సీల్ ప్లగ్గుల (రేకు మూతల) దగ్గర తుప్పు నీళ్లు కారుతున్నాయేమో, ముందు సీటు కింద కార్పెట్ తడిసిందేమో చూడండి. కార్పెట్ తడిస్తే లీకు హీటర్‌ది. ఎక్కడా కనపడకుండా తగ్గితే స్పార్క్ ప్లగ్గులు తీసి ఇంజన్ తిప్పించండి, నీళ్లు సిలిండర్లోకి చేరుతుంటే అక్కడ చిమ్ముతాయి. దాంతోపాటు మూడు సిలిండర్ల కంప్రెషన్ కూడా చూపించుకోండి. పక్కపక్క సిలిండర్లు రెండూ ఒక్కలా పడిపోతే వాటి మధ్య గ్యాస్కెట్ పోయినట్టు.

ఇవన్నీ బాగుంటే హెడ్ ముట్టుకోవద్దు. ఎప్పుడైనా వేరే పనికి విప్పాల్సి వస్తే మాత్రం స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని పట్టీ) పెట్టి ఫీలర్ గేజితో (సందు కొలిచే పల్చటి రేకులతో) చూడకుండా లేత్‌కు పంపనివ్వకండి. 0.05 మిల్లీమీటర్ల లోపు వంపుకు ఫేసింగ్ అవసరం లేదు. అనవసరంగా కోయించిన ప్రతిసారీ హెడ్ పల్చబడుతుంది.

విశాఖ_పాలిటెక్నిక్
థర్మోస్టాట్ సంగతి మర్చిపోకండి. అది లేకపోతే ఊళ్లో ఇంజన్ ఎప్పటికీ సరైన వేడికి రాదు. ఎంపీఎఫ్‌ఐ బండిలో కంప్యూటర్ ఇంజన్ ఇంకా చల్లగా ఉందనుకుని పెట్రోల్ ఎక్కువ పంపుతుంది. గ్యాస్ మీద నడిపేటప్పుడు వేపరైజర్‌కు కూడా చాలినంత వేడి అందదు. పాతది దొరికితే గిన్నెలో నీళ్లలో వేలాడదీసి వేడి చేయండి, థర్మామీటర్ పక్కన పెట్టండి. దాని మీద ముద్రించిన డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలుపెడితే మళ్లీ అదే వాడుకోవచ్చు.

జనగామ_800
చివరి అప్‌డేట్. వేపరైజర్ విప్పితే నీళ్ల వైపు అంతా గుంటలు పడి ఉంది, కొత్తదే వేయించాను. ఈసారి క్యాప్ కంటే కింద బిగించారు. సబ్బు నీళ్ల పరీక్ష దగ్గరుండి చూశాను. ప్రెజర్ పంపు పెడితే ముల్లు నిలబడింది, కంప్రెషన్ మూడింట్లోనూ దాదాపు సమానంగా ఉంది. పాత థర్మోస్టాట్ నీళ్లలో తెరుచుకోలేదు, కొత్తది వేశాను. గ్యాస్ మీద హైవే కూడా చూశాను, పైపు, బాటిల్, ముల్లు అన్నీ బాగున్నాయి. మా మెకానిక్‌కు కూడా ఈ థ్రెడ్ చూపించాను, నీలం ద్రవం టెస్టర్ ఆయన దగ్గరే ఉంచమని అడిగి తీసుకున్నాడు.

రేడియేటర్‌లో ఇప్పటిదాకా బోరు నీళ్లే ఉన్నాయి. నేరుగా కూలెంట్ పోసేయొచ్చా?

ఏలూరు_మెకానిక్
నేరుగా వద్దండి. కింది పైపు విప్పి నీళ్లన్నీ దించి, శుభ్రమైన నీళ్లతో ఇంజన్ నడిపి మళ్లీ దించండి. రంగు లేకుండా వచ్చేదాకా చేయండి. డబ్బా మీద కలపాలని రాసి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం, రెడీ మిక్స్ అయితే అలాగే పోయండి. హీటర్ వేడి మీద తిప్పి, క్యాప్ తీసి స్లోలో వదిలితే గాలి పోతుంది. మట్టం దిగినప్పుడల్లా నింపుతూ ఉండండి. దించిన పాత కూలెంట్ ఏదైనా ఉంటే వాకిట్లో పారబోయకండి. తియ్యగా ఉంటుందని కుక్కలు, పశువులు తాగుతాయి, అది విషం. మొదటి వారం రోజూ పొద్దున చల్లటి ఇంజన్ మీద బాటిల్ మట్టం చూసుకోండి.